వెనక నడిచే మనిషి

ఫిబ్రవరి 9, ఆదివారం

ఈ డైరీ నా బిడ్డ శ్యామల ఇచ్చింది. అట్ట మీద ఎరువుల కంపెనీ బొమ్మ ఉన్నది గని లోపలి కాయిదం నున్నగ, ముద్దుగ ఉన్నది. "నాయినా, నడకల మాట్లాడబుద్ధి అయినప్పుడల్లా నోరు మూసుకో. ఇంటికొచ్చినంక ఇందుల రాసుకో" అన్నది. సరే అన్న. ఏడో తరగతి దాక చదివిన, బీడీ ఆకు కల్లంల ఆకు కట్టలు లెక్క రాసే కల్లెదారు పని ఇరవై రెండేండ్లు చేసిన. రాత నాకేం కొత్త కాదు.

ఇయ్యాల మొదటిసారి బిడ్డ వెనక నడిచిన. సంతోషం పట్టలేక అక్షరాలు అటు ఇటు పోతున్నయ్, పోనీ.

నా బిడ్డ మనుషులను అడవిల నడిపిస్తది. దాన్ని ఫారెస్ట్ థెరపీ అంటరట. తల వేడెక్కినోళ్ళు, నిద్ర పట్టనోళ్ళు వస్తరు, వాగు ఒడ్డున కాటేజీలల్ల దిగుతరు, పొద్దుగాల్నే ఈమె వెంబడి పోతరు. ఈమె ఏం చెప్పదు. ఇది ఏ చెట్టు, దీని బెరడు ఏ రోగానికి, ఏం చెప్పదు. "ఇక్కడ నిలబడుండ్రి. ఏం కదుల్తున్నదో చూడుండ్రి" అంటది, అంతే. కిలోమీటరు నడవనీకి రెండు గంటలు. మా మేకలు ఇంతకన్న జల్దీ పోతయ్.

ముందు గైడు ఉంటే వెనక ఒక మనిషి ఉండాల్నట, రూలు. ఎవరూ తప్పిపోకుండ చూడాలె, పాము గిట్ల కనపడితే చెప్పాలె. అది తప్ప నోరు తెరవొద్దు. ఆ వెనక మనిషిని నేను.

ఇయ్యాల ఆరుగురు వచ్చిండ్రు. రెండు గంటలల్ల నేను మూడంటే మూడు మాటలు మాట్లాడిన.

ఫిబ్రవరి 10

మూడు మాటలు అని రాసిన గని అది పూర్తి నిజం కాదు. నిన్న వచ్చిన ఆరుగురిల ఒక బ్యాంకు సారు పగిలిన పుట్ట కాడ ఆగి, "ఇదేమిటి?" అన్నడు. అడిగినోళ్ళకు చెప్పకుంట ఎట్ల ఉంటం. ఎలుగుబంటి చెదల కోసం తవ్వింది సారూ అన్న. ఆగితే బాగుండు. మా తాతను ఎలుగు వెంబడించిన ముచ్చట కూడ చెప్పిన. ఆ సారు మిగిలిన దారంతా నా అంగీ కొస పట్టుకునే నడిచిండు.

శ్యామల చూడలేదు అనుకుంట.

ఫిబ్రవరి 11

చూసింది.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఇయ్యాల నడకల మధిర నుంచి ఒకాయన వచ్చిండు, రామకృష్ణ అని మిర్చి వ్యాపారి. బీపీ ఎక్కువైందని డాక్టరు పంపిండట. ఆయనకు నాలుక ఆగదు, నాకూ ఆగదు. శ్యామల అందరినీ వాగు కాడ కూర్చోబెట్టి ఇరవై నిమిషాలు ఊరికె వినమన్నది. మేమిద్దరం చివర బండ మీద కూర్చున్నం.

"ఏమండీ, వినమంటే ఏం వినాలండీ?" అన్నడు మెల్లగ.

"నీళ్ళను వినాలె" అన్న.

"మా ఇంట్లో కూడా కుళాయి ఉందండీ" అన్నడు.

నాకు నవ్వు వచ్చింది. ఎంత బిగపట్టినా ఆగలే. ఎనిమిదిమంది తిరిగి చూసిండ్రు.

ఇంటికొచ్చినంక బిడ్డ తిట్టలే. తిడితే బాగుండు. నా ముంగట కూర్చొని చెప్పింది. మార్చి ఇరవై మూడున హైదరాబాదు నుంచి శారద మేడం వస్తదట. ఆమెనే ఈ చదువు నేర్పింది. ఆనాటి నడకను మేడం పుస్తకం పట్టుకొని చూస్తది, మార్కులేస్తది. సర్టిఫికెట్ వస్తే కాటేజీల కాడ గైడు ఉద్యోగం శ్యామలది. రాకపోతే కాటేజీలు నడిపే కమిటీ వాళ్ళు పట్నం నుంచి వేరేవాళ్ళను తెచ్చుకుంటరు.

"వెనక మనిషిని కూడ చూస్తరు నాయినా. నీకు కష్టమనిపిస్తే వేరేవాళ్ళను చూసుకుంట" అన్నది.

నాకు కష్టమా. నా బిడ్డ కోసం నెల రోజులు మూగోని లెక్క ఉంట. ఈ మాటనే మా ఆడామెకు, పక్కింటోళ్ళకు, రేషన్ దుకాణం కాడ నిలబడ్డోళ్ళకు అందరికీ చెప్పిన.

ఫిబ్రవరి 24, సోమవారం

ఇయ్యాల ఎంత మంచి రోజు. శ్యామల తానానికి పోయినప్పుడు ఆమె ఫోను మోగింది. తీసి చూస్తే శారద మేడం. ఎంత మర్యాద, ఎంత మెత్తటి మాట. నేనే అడిగిన, నడక ఎట్ల జరగాలె మేడం అని. చివర్ల అందరికీ ఒక గిన్నెల అడవి చాయ్ పోస్తరు కదా, అదేం పోస్తరు అని ఆమె అడిగింది. నేను తడుముకోలే. మార్చి అంటే మాకు ఇప్పపువ్వు కాలం మేడం, పువ్వు చాయ్ పోస్తం, నాలుక మీద తేనె పోసినట్టుంటది అన్న. మేడం ఎంత సంతోషపడ్డదో. "నాతో వచ్చే వాళ్ళందరికీ చెబుతాను" అన్నది.

ఇంక మా తాత, ఎలుగుబంటి ముచ్చట మొదలుపెట్టిన. ఎలుగు సరిగ్గ చెట్టెక్కుతున్నప్పుడు సిగ్నల్ పోయింది. నేనెవరినో చెప్పనే లేదు.

రెండు నిమిషాలే మాట్లాడిన.

ఫిబ్రవరి 25

రాసేదేం లేదు.

మార్చి 2, ఆదివారం

నడక బాగైంది. ఒక్క మాట మాట్లాడలే. నిజంగనే. తుమ్ము వస్తే కూడ తువ్వాల నోట్ల కుక్కుకున్న. శ్యామల నా దిక్కు చూసి చిన్నగ నవ్వింది. ఆ నవ్వుకు ఎన్ని తుమ్ములైనా మింగుత.

ఫోను సంగతి చెప్పాలె అనుకున్న. ఇయ్యాల వద్దనుకున్న. ఇప్ప పండుగ కాకముందు మేం కొత్త పువ్వు తినం గని, అది ఏటా హోళీకి అటు ఇటుగ ఐతది. పండుగ అయినంక పువ్వు చాయ్‌కి అడ్డమేమున్నది.

మార్చి 9, ఆదివారం

అడ్డం వచ్చింది.

మా గుంపుల, అంటే మా కోయ గూడెంల, పెద్ద జంపయ్య. నాకు బావ వరస. ఇయ్యాల అందరినీ పిలిచి చెప్పిండు. ఈసారి మిరప కోతలు ఆలస్యమైనయ్, మనవాళ్ళు పద్నాలుగు ఇండ్లోళ్ళు ఇంకా తోటలల్లనే ఉన్నరు, వాళ్ళు తిరిగొచ్చేదాక ఇప్ప పండుగ లేదు, ఎవ్వరూ కొత్త పువ్వు నోట్ల పెట్టొద్దు అని. అందరూ అవ్ అన్నరు. నేను కూడ అవ్ అన్న. అలవాటుల అన్న.

ఇరవై మూడుకు పద్నాలుగు రోజులు. ఇండ్లు పద్నాలుగు.

మార్చి 10

కొత్త పువ్వు వద్దు, సరే. పోయినేటి పువ్వు ఉంటే దానితోని కాయొచ్చు, దానికి పట్టింపు లేదు. పొద్దుగాల్నుంచి అటుక మీద ఉన్న డబ్బాలన్నీ దించిన. ఒకదాంట్ల గుప్పెడు దొరికింది. చేతుల పోసుకుంటే పువ్వులు నడుస్తున్నయ్. అన్నీ పురుగులే.

ఇల్లిల్లు తిరిగిన. వానల్ల బూజు పట్టి పారబోసినం అని కొందరు, వండుకొని తిన్నం అని కొందరు. మా ఆడామె పున్నమ్మ వాకిట్ల నిలబడి చూస్తున్నది. "ఎందుకు గిట్ల కోడి లెక్క ఊరంతా గీకుతున్నవ్?" అన్నది. ఇంకొకటి కూడ అన్నది, కోయ మాటల. దాన్ని తెలుగుల రాస్తే ఆ కారం ఉండదు.

మార్చి 12, బుధవారం

జంపయ్య బావ కాడికి పోయిన. తాటాకు బుట్ట అల్లుతున్నడు.

"బావా, పండుగను ఇరవై మూడుకన్న ముందే పెట్టు" అన్న.

"దేనికి?"

"మా శ్యామలకు పరీక్ష ఉన్నది."

"చెట్టుకు కూడ మార్కులేస్తరా?"

"నవ్వకు బావా. ఇప్పపువ్వు చాయ్ పోస్తమని మాట పోయింది."

"ఎవరి మాట?"

నేను ఒక తాటాకు తీసి చీల్చుకుంట కూర్చున్న. ఆయన చేతుల పని ఆపి నన్ను చూసిండు.

"తోటలల్ల వంగి వంగి నడుములు పోయినోళ్ళు ఇంటికొచ్చి అడిగితే ఏం చెప్దాం? మేం ముందే తిన్నం, మిగిలింది ఏరుకోండ్రి అని చెప్దామా? నువ్వు చెప్తవా?"

నేను కల్లెదారు చేసిన్నాడు, ఇదే జంపయ్య మొత్తం గుంపు వచ్చేదాక ఆకు తూకం మొదలుపెట్టనియ్యలే. అప్పుడు నేనే ఆయన్ను మెచ్చుకున్న. ఇప్పుడు ఏమంట. చెప్పలేను బావా అన్న.

"ఫోన్ల మాటిచ్చినవా?"

"అవ్."

"నీ చేతికి ఫోను అందనిచ్చినోళ్ళది తప్పు" అని మళ్ళ బుట్ట అల్లబట్టిండు.

మార్చి 13

చెప్దామని శ్యామల కాడికి మూడుసార్లు పోయిన. మూడుసార్లూ మేకలకు నీళ్ళు పెట్టి వచ్చిన.

మార్చి 15, శనివారం

చెప్పిన. పొయ్యి కాడ కూర్చొని అంతా చెప్పిన. శ్యామల విన్నది.

"ఎంతసేపు మాట్లాడినవ్ నాయినా?"

"రెండు నిమిషాలు బిడ్డా."

ఫోను తీసి చూసింది. నా ముంగట పెట్టింది. ముప్ఫై ఎనిమిది నిమిషాలు. ఆ ఫోన్లల్ల గది కూడ రాసి ఉంటదని నాకేం తెలుసు.

పొయ్యిల కట్టె జరిపింది. బిడ్డ ఇంతకుముందు భద్రాచలంల ప్రైవేటు దవాఖానల నర్సు పని చేస్తుండె. రాత్రి డ్యూటీలు చేసి చేసి, మనిషి కండ్ల కింద నల్లగై, అన్నం మీద చెయ్యిపెట్టి అట్లనే నిద్రపోతుండె. ఒకనాడు ఇంటికొచ్చి వారం రోజులు వాగు ఒడ్డున ఊరికె కూర్చున్నది. అటు తర్వాతనే ఈ చదువు పట్టింది. ఆ పాత మొహం నేను మళ్ళ చూడలేను. నా నోటి వల్ల అసలే చూడలేను.

"పండుగ కాలేదని వాళ్ళకు చెప్త. గిన్నెలల్ల వేడినీళ్ళు పోస్త" అన్నది.

"మార్కులు పోతయ్ బిడ్డా."

"పోతే పోనీ. వచ్చినోళ్ళను ఇరవై నిమిషాలు ఊరికె కూర్చోబెడ్త. నేను పండుగ దాక ఆగలేనా?"

తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. "ముప్ఫై ఎనిమిది నిమిషాలు మేడం ఎట్ల తట్టుకున్నదో" అన్నది. తల్లీబిడ్డలు కలిసి నవ్విండ్రు. నేను కూడ నవ్విన, కొంచెం లేటుగ.

మార్చి 19

పువ్వు రాలుడు మొదలైంది. తెల్లారకముందు టప్పు టప్పుమని. వాసన ఇంట్లదాక వస్తున్నది. నోట్ల నీళ్ళు ఊరుతున్నయ్. జంపయ్య బావ కర్ర పట్టుకొని చెట్ల కింద తిరుగుతున్నడు, మనుషుల కోసమా మేకల కోసమా తెల్వది.

మార్చి 23, ఆదివారం

అంతా వరసగ రాయాలె, ఒక్కటి కూడ మరవొద్దు.

పొద్దుగాల ఆరు కాకముందే కాటేజీల కాడికి పోయినం. పదిమంది. శారద మేడం సన్నగ, పొట్టిగ, చేతుల చిన్న పుస్తకం. మధిర రామకృష్ణ మళ్ళ వచ్చిండు, ఈసారి భార్య రాఘవమ్మను కూడ తెచ్చిండు. ఆయన నన్ను చూసి చెయ్యి ఊపిండు. నేను నోటి మీద వేలు పెట్టి చూపిన. ఆయన కూడ పెట్టుకున్నడు.

నా బిడ్డ ముందు నడుస్తున్నది. ఆకుపచ్చ పైజామా లాల్చీ, చెప్పులు లేని కాళ్ళు. మాటలు తక్కువ, గొంతు వాగు లెక్క. ఒక్కొక్కరిని ఒక్కొక్క చెట్టు కాడ వదిలింది. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక పిల్ల తునికి చెట్టుకు వీపు ఆనిచ్చి ఏడ్చింది. శ్యామల దగ్గరికి పోలే, దూరంగ పోలే, కనపడే అంత దూరంల కూర్చున్నది. నేనైతే పోయి, ఏమైంది తల్లీ, ఏ ఊరు, ఏం తిన్నవ్ అని అడిగేటోణ్ణి. ఆ పిల్ల కాసేపటికి తనే కండ్లు తుడుసుకొని, చెట్టు మీద చెయ్యి వేసి నవ్వింది. నా బిడ్డకు ఇది ఎవరు నేర్పిండ్రో. నేనైతే కాదు.

చివరికి ఇప్పచెట్ల కాడికి వచ్చినం. నేలంతా పువ్వు. ముత్యాలు ఒలకబోసినట్టున్నది. అందరినీ అక్కడ్నే కూర్చోమన్నది. పువ్వు పట్టుకోవచ్చు, వాసన చూడవచ్చు అన్నది. నోట్ల పెట్టొద్దు అని చెప్పేలోపల ఆ ఏడ్చిన పిల్ల ఏదో అడిగితే అటు తిరిగింది.

రామకృష్ణ మూడు పువ్వులు ఏరిండు. వాసన చూసిండు. కండ్లు మూసుకున్నడు. ఒక పువ్వు నోటి దిక్కు లేచింది.

నేను ఐదు బారల దూరంల ఉన్న. నోరు తెరిచిన. మేడం సరిగ్గ అప్పుడే నన్ను చూసింది, పుస్తకం మీద పెన్ను పెట్టింది. పాము ఉంటే అరవొచ్చు. ఇది పాము కాదు. పద్నాలుగు ఇండ్లు కండ్ల ముంగట తిరిగినయ్, జంపయ్య బావ కర్ర కూడ తిరిగింది. నోరు మూసుకొని, పెద్ద పెద్ద అడుగులేసి పోయి, ఆయన మూతి కింద నా అరచెయ్యి చాపిన.

ఆయన కండ్లు తెరిచిండు. నాకు కావాలేమో అనుకున్నడు, పువ్వు నా చేతుల పెట్టిండు. నేను దాన్ని తీస్కపోయి చెట్టు మొదట్ల పెట్టి దండం పెట్టిన. తిరిగి చూస్తే ఆయన నా వెనకనే ఉన్నడు. మిగిలిన రెండు పువ్వులు కూడ అక్కడ్నే పెట్టిండు. ఆయన్ను చూసి ఇంకొకామె. మాట లేకుండ పదిమంది లేచిండ్రు, చేతులల్ల ఉన్నది తీసుకొచ్చి మొదట్ల పోసిండ్రు. రాఘవమ్మ మొగని చెవుల అన్నది, నాకు వినపడ్డది, "ముప్ఫై ఏళ్ళు నోటితో చెప్పాను, ఒక్కటన్నా విన్నారా" అని.

ఇంక గుండ్రంగ కూర్చున్నం. శ్యామల గిన్నెలల్ల నీళ్ళు పోసింది. ఉత్త వేడినీళ్ళు.

"మీకు ఇప్పపువ్వు చాయ్ అని చెప్పిండ్రు. మా గుంపుల పద్నాలుగు ఇండ్లోళ్ళు మిరప తోటలకు పోయిండ్రు. వాళ్ళు వచ్చి పండుగ చేసేదాక మేం తినం. అందుకే ఇయ్యాల నీళ్ళు. పువ్వు వాసన ఉండనే ఉన్నది, దానితోని తాగుండ్రి."

అందరూ తాగిండ్రు. పైన నుంచి పువ్వు ఒకటి మేడం గిన్నెలనే పడ్డది. మేడం దాన్ని రెండు వేళ్ళతోని తీసి పక్కన పెట్టింది. అది చూసినంక నాకు ఊపిరి వచ్చింది.

తర్వాత ఒక ఎండుకొమ్మ చేతులు మారుకుంట వచ్చింది. ఎవరి చేతుల ఉంటే వాళ్ళు ఒక మాట చెప్పాలె. రామకృష్ణ కొమ్మను చానసేపు పట్టుకున్నడు. "ముప్ఫై ఏళ్ళుగా మిర్చి వ్యాపారం చేస్తున్నానండి. ఆ కాయ ఏరినవాళ్ళ ఇంట్లో పండగ ఎప్పుడని ఒక్కసారి కూడా అడగలేదు" అన్నడు. ఇంకేం మాట్లాడలే. ఆయన. మాట్లాడలే.

కొమ్మ నా కాడికి వచ్చింది. ఇది నా వంతు, ఇక్కడ మాట్లాడితే తప్పు లేదు. వారం రోజుల నుంచి తయారు చేసుకున్న. మా తాత, ఈ చెట్లు, నా బిడ్డ, అన్నీ కలిపి ఒక పావుగంట మాటలు. కొమ్మ పట్టుకొని ఎదురుగ చూసిన. శ్యామల కెటిల్ ఒళ్ళో పెట్టుకొని, నేనేం చెప్తనో అని చూస్తున్నది. చెంప మీద మసి అంటి ఉన్నది.

ఒక్కటి కూడ రాలే. కండ్లల్ల నీళ్ళొచ్చినయ్, గిన్నెల ఆవిరి అనుకొని ఉంటరు. కొమ్మ పక్కామెకు ఇచ్చేసిన.

మార్చి 24

మేడం ఏం చెప్పకుండనే పోయింది. వారంల కాయిదం వస్తదట.

మార్చి 25

రాలే.

మార్చి 26

శ్యామల మామూలుగనే ఉన్నది. నేను కూడ మామూలుగనే ఉన్న. పున్నమ్మ మాత్రం, ఫోను దిక్కు గిట్ల చూస్తే అది పగులుతది అంటున్నది.

మార్చి 29, శనివారం

వచ్చింది. వచ్చింది. నా బిడ్డ పాసైంది. కమిటీ వాళ్ళు ఒకటో తారీఖు నుంచి ఉద్యోగానికి రమ్మన్నరు. నేను వాకిట్లకు ఉరికిన, ఎవరికి చెప్పాల్నో తెల్వక ముందు మేకలకు చెప్పిన.

మేడం పెద్ద ఉత్తరం రాసింది. శ్యామల ఫోన్ల నుంచి చదివి వినిపించింది. ఇచ్చిన మాట కన్న ఊరి కట్టు పెద్దదని నిలబడ్డందుకు అని ఏదో రాసింది, ఆ వేడినీళ్ళకే అన్నిటికన్న ఎక్కువ మార్కులట. తర్వాత ఇది రాసింది, మళ్ళమళ్ళ చదివించుకున్న: "వెనక నడిచిన పెద్దాయన రెండు గంటల్లో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. పుట్టుకతోనే మితభాషి అని చూడగానే తెలుస్తుంది. ఇలాంటి మనిషి దొరకడం నీ అదృష్టం."

పున్నమ్మ బియ్యం చెరుగుతున్నది. "ఎవరి గురించి?" అన్నది. శ్యామల నన్ను చూపింది. చాట కిందపడ్డది. బియ్యం వాకిలంతా. ఆడామె గడప మీద కూలబడి కడుపు పట్టుకొని నవ్వుతున్నది, కోళ్ళు వచ్చి తింటున్నా లేవలే.

పండుగకు మేడం వస్తనన్నదట. నిర్ణయం చేసుకున్న. ఆనాడు కూడ నోరు తెరవను. ఫోన్ల వాగినోణ్ణి నేనే అని తెలిస్తే సర్టిఫికెట్ వెనకకు తీసుకుంటరేమో.

మార్చి 31

లారీ వచ్చింది. పద్నాలుగు ఇండ్ల తలుపులు తెరుచుకున్నయ్. అందరి చేతులు మిరప మంటకు ఎర్రగ ఉన్నయ్. రేపెల్లుండి పండుగ అంటే ఒక ముసలామె జంపయ్య బావను అడిగింది, "మా కోసం ఆగిండ్రా?" అని. బావ కర్ర గోడకు ఆనించిండు.

ఏప్రిల్ 2, బుధవారం

పండుగ. డోళ్ళు మోగినయ్. జంపయ్య బావ ఇప్పచెట్టు కాడ కోడి మొక్కు చెల్లించి, కొత్త పువ్వు ముందు చెట్టుకు పెట్టి, తర్వాత ఒక్కొక్కరి నాలుక మీద పెట్టుకుంట వచ్చిండు. తోటల నుంచి వచ్చినోళ్ళకు మొదలు. నా నాలుక మీద పడ్డప్పుడు, ఆ తీపికి, ఏం రాయాలె.

శ్యామల పెద్ద గిన్నెల చాయ్ కాచింది. మధిర నుంచి రామకృష్ణ, రాఘవమ్మ వచ్చిండ్రు. మేడం వచ్చి సరిగ్గ నా పక్కనే చాప మీద కూర్చున్నది. నేను నవ్విన, తల ఊపిన, నోరు తెరవలే. పొద్దుగాల్నుంచి తెరవలే. గుంపోళ్ళంతా నన్ను వింతగ చూస్తున్నరు. జ్వరమా అని నుదురు పట్టి చూసిండు జంపయ్య బావ.

మేడం ఒక గుక్క తాగింది. గిన్నెల చూసుకున్నది. "తేనె పోసినట్టే ఉంది" అన్నది. తర్వాత శ్యామలను అడిగింది:

"అది సరే, ఆ రోజు ఫోన్లో మాట్లాడినాయన ఎవరు? ఆయన కోసమే ఇంత దూరం వచ్చాను. ఎలుగుబంటి చెట్టెక్కుతోంది అన్నారు, ఫోన్ కట్ అయింది. నెల నుంచి ఆ తాత ఏమయ్యాడో అని నాకు నిద్ర లేదు."

శ్యామల నా దిక్కు చూసింది. పున్నమ్మ చూసింది. రామకృష్ణ, జంపయ్య బావ, పద్నాలుగు ఇండ్లోళ్ళు, అందరూ చూసిండ్రు. మేడం వాళ్ళందరి చూపుల వెంబడి తల తిప్పుకుంట వచ్చి నా మొహం కాడ ఆగింది.

శ్యామల అన్నది, "చెప్పు నాయినా."

నేను గిన్నె కింద పెట్టిన. గొంతు సవరించుకున్న.

"ఎలుగు ఎన్నో కొమ్మ మీద ఉన్నది మేడం, నేను ఆపినప్పుడు?"

పొద్దుగూకేదాక చెప్పిన. ఇంక ఇందుల రాయనీకి ఏం మిగల్లే.